న్యాయ సందేహాలు: హ్యూస్టన్‌లో కొన్న తుపాకీ న్యూజెర్సీలో చెల్లుతుందా?

ప్రశ్న: నేను నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాణ్ని. మా పెద్దబ్బాయి హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, గ్రీన్‌కార్డు ఉంది. చిన్నప్పటి నుంచీ వాడికి పాత సైనిక ఆయుధాలంటే మోజు. రెండో ప్రపంచ యుద్ధం నాటి థామ్సన్ తుపాకీకి, ఎం1 కార్బైన్‌కు నకళ్లుగా ఇప్పుడు తయారవుతున్న సెమీ ఆటోమేటిక్ తుపాకులు రెండు అక్కడే కొన్నాడు. ఇప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌కు మారుతున్నాడు. వాటిని వెంట తీసుకుపోవచ్చా? వీలుకాకపోతే హెచ్1బీ వీసా మీద ఉన్న స్నేహితుడొకరు కొంటానంటున్నాడు, అమ్మవచ్చా? ‘అవి నకళ్లే కదా నాన్నా, ఏమీ కాదు’ అంటున్నాడు వాడు.
– పేరు వద్దన్న పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి దగ్గరున్నవి చూపుకు నకళ్లే గాని పనికి నకళ్లు కావు. నిజమైన తూటా పెట్టి మీట నొక్కితే పేలతాయి కాబట్టి అమెరికా ఫెడరల్ చట్టం వాటిని మామూలు రైఫిళ్లతో సమానంగానే చూస్తుంది. యుద్ధంలో వాడిన థామ్సన్‌కూ దీనికీ ముఖ్యమైన తేడా ఏమిటంటే, అది మీట నొక్కి పట్టుకున్నంతసేపూ పేలుతూనే ఉంటుంది, ఇది నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటానే వదిలి తర్వాతి తూటాను తనంతట తానే ఎక్కించుకుంటుంది. ఎం1 కార్బైన్ సంగతి మరీ సులువు, అది సైన్యంలో ఉన్న రోజుల్లో కూడా సెమీ ఆటోమేటిక్కే.

ఈ నకళ్లు ఎందుకు పుట్టాయో తెలిస్తే తక్కిన విషయం తేలిగ్గా అర్థమవుతుంది. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ మెషిన్‌గన్‌లను ప్రభుత్వం వద్ద నమోదు చేయించి, చేతులు మారినప్పుడల్లా 200 డాలర్ల పన్ను కట్టాలన్నది. 1986 మే 19 తర్వాత తయారైన మెషిన్‌గన్ ఏదీ సాధారణ పౌరుడి చేతికి రాకూడదని మరో చట్టం తలుపు మూసింది. ఆ తేదీకి ముందే నమోదైనవి మాత్రమే చేతులు మారగలవు కాబట్టి అసలైన థామ్సన్ ధర ఇప్పుడు పదివేల డాలర్ల లెక్కల్లో పలుకుతోంది. అంత సొమ్ము పెట్టలేని అభిమానుల కోసం కంపెనీలు సెమీ ఆటోమేటిక్ నకళ్లు చేస్తున్నాయి. రైఫిల్ గొట్టం 16 అంగుళాలకు తగ్గితే అది కూడా 1934 చట్టం కిందికి వస్తుంది గనుక, అసలు థామ్సన్ గొట్టం పదిన్నర అంగుళాలే అయినా నకలుకు పదహారున్నర అంగుళాల గొట్టం బిగిస్తారు. పటాల్లో చూసిన రూపం రావాలని ఇంట్లోనే గొట్టం మార్చుకునే వాళ్లున్నారు. అనుమతి లేకుండా ఆ పని చేస్తే పదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం. మీ అబ్బాయికి అలాంటి సరదా ఏదైనా ఉంటే ఇప్పుడే వదులుకోమనండి.

ఇక న్యూజెర్సీ. టెక్సస్‌లో రైఫిల్ కొనడానికి రాష్ట్రం నుంచి పర్మిట్ అక్కర్లేదు, నమోదు పుస్తకం లేదు. న్యూజెర్సీ దానికి దాదాపు ఎదురుకొమ్మున ఉంటుంది. అక్కడ 1990 నుంచి అసాల్ట్ ఫైర్‌ఆర్మ్స్ పేరిట ఒక నిషిద్ధ జాబితా ఉంది. అందులో కలాష్నికోవ్ (ఏకే-47) రకం, ఊజీ రకం, కోల్ట్ ఏఆర్-15 వంటి వాటి సరసన ‘ఎం1 కార్బైన్ రకం’ కూడా పేరుతో సహా ఉంది. ఎనభై ఏళ్ల కిందటి ఆ తేలికపాటి తుపాకీ వాటి పక్కన ఎందుకు చేరిందని చాలామంది ఆశ్చర్యపోతారు, నాకూ అది అతిగానే తోస్తుంది, కానీ చట్టంలో ఉన్నది ఉన్నట్టే వర్తిస్తుంది. అదే కాలపు ఎం1 గరాండ్ రైఫిల్ ఆ జాబితాలో లేదు. కాబట్టి మీ అబ్బాయి కార్బైన్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ఎడిసన్‌కు తీసుకుపోకూడదు. అలాంటిది దొరికితే అక్కడ రెండో శ్రేణి నేరం, శిక్ష ఐదు నుంచి పదేళ్లు.

థామ్సన్ నకలు పేరు ఆ జాబితాలో కనబడదు. అంతమాత్రాన క్షేమమని చెప్పలేను, ఎందుకంటే జాబితాలోని వాటితో ‘గణనీయంగా ఒకేలా ఉన్నవి’ కూడా నిషిద్ధమేనని అదే చట్టం అంటుంది. ఊడదీసే మ్యాగజైన్‌కు తోడు పిస్తోలు పిడి, మడిచే మడమ (భుజానికి ఆనించే భాగం), బాయొనెట్ కత్తి తగిలించే కొక్కెం, మంటను అణచే మూతి వంటివాటిలో ఎన్ని ఉన్నాయన్న దానిమీద ఆ పోలిక తేలుతుంది. పైగా 2018 నుంచి అక్కడ 10 తూటాలకు మించి పట్టే మ్యాగజైన్ దగ్గర ఉంచుకోవడమే నేరం. థామ్సన్‌కు 20, 30 తూటాల మ్యాగజైన్లు, గుండ్రటి డ్రమ్ములు అలవాటు. తుపాకీ గట్టెక్కినా వాటితో చిక్కు తప్పదు. న్యూజెర్సీలో ప్రాక్టీసు చేసే లాయరు ఒకరికి తుపాకీ మోడల్, ఫొటోలు చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకున్న తర్వాతే లారీలో సామాను ఎక్కించాలి. దారిలో ఇబ్బంది రాకుండా 1986 చట్టంలో ప్రయాణ రక్షణ ఉందని కొందరు మీకు చెబుతారు. తూటాలు తీసేసి, తాళం వేసి, చేతికందని చోట పెట్టి ఒక రాష్ట్రం గుండా దాటిపోయే వారికే అది వర్తిస్తుంది. బయలుదేరే చోటా చేరే చోటా రెండింటా ఆ తుపాకీ చెల్లుబాటు కావాలి. మీ అబ్బాయి చేరేదే న్యూజెర్సీ కాబట్టి కార్బైన్‌కు ఆ రక్షణ అక్కరకు రాదు.

అమ్మకం విషయానికొస్తే, ఇల్లు మారకముందే టెక్సస్‌లో అమ్ముకోవడం అన్నిటికంటే సుఖమైన దారి. ఒకే రాష్ట్రంలో నివసించే ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకానికి ఫెడరల్ చట్టం తనిఖీ కోరదు, టెక్సస్ కూడా కోరదు. అయినా లైసెన్సున్న డీలరు ద్వారానే అమ్మమని నా సలహా. డీలరు కొనుగోలుదారు చేత 4473 నంబరు ఫారం నింపించి, ఎఫ్‌బీఐ వద్ద వివరాలు సరిచూసి ఇస్తాడు కాబట్టి రేపు ఆ తుపాకీ ఎక్కడ తేలినా మీ అబ్బాయి చేతిలో రుజువు ఉంటుంది. వేరే రాష్ట్రం మనిషికి నేరుగా ఇవ్వడం మాత్రం కూడదు. కొనేవారి రాష్ట్రంలోని డీలరుకు పంపి, అక్కడి చట్టం ఒప్పుకుంటేనే అందించాలి.

ఆ స్నేహితుడి సంగతి అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అమెరికాలోని మన తెలుగువాళ్లలో ఎక్కువమందికి తెలియని సంగతి ఇదే. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీగాని తూటాగాని దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. ఇది ఏ రాష్ట్రమైనా ఒక్కటే. 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది గాని, అది లేకుండా షూటింగ్ రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకున్నా చేతిలో పట్టుకున్నట్టే లెక్క. ఆ ఫొటోలను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునే కుర్రాళ్లు తమ మీద సాక్ష్యాన్ని తామే పోగు చేసుకుంటున్నారు. అవతలి మనిషికి ఆ అర్హత లేదని తెలిసి అమ్మితే అమ్మినవారిదీ నేరమే. స్నేహితుడి డబ్బుతో మీ అబ్బాయి తన పేరిట కొనిపెట్టడం కూడా నేరమే. అసలు కొనుగోలుదారు మీరేనా అన్న ప్రశ్నకు 4473 ఫారంలో అబద్ధం రాయడమేనని 2014లో అబ్రాంస్కీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అన్నిటికీ మించి, తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవారిని సైతం దేశం నుంచి పంపివేయవచ్చు. ఒక సరదా వస్తువు కోసం అంత దూరం పోవాలా అన్నది మీరూ మీ అబ్బాయీ కూర్చుని మాట్లాడుకోండి.

ప్రశ్న: నేను న్యాయశాస్త్రం చదువుతున్నాను. అమెరికాలో సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకుల మీద రాష్ట్రానికో తీరు ఎందుకు? ఏ రాష్ట్రాల్లో నిషేధం ఉంది? పాతకాలపు తుపాకుల నకళ్లకు మినహాయింపు లేదా?
– ఒక విద్యార్థిని, ద్వారకానగర్

జవాబు: దేశమంతటికీ ఒకే నిషేధం ఒకప్పుడు ఉండేది. 1994 సెప్టెంబరు 13న వచ్చిన ఫెడరల్ నిషేధం పదేళ్ల గడువుతో పుట్టి, 2004లో పొడిగింపు లేక ముగిసింది. ఆ తర్వాత మిగిలినవి రాష్ట్రాల చట్టాలే. వాటిలో మొదటిది కాలిఫోర్నియాది. 1989 జనవరిలో స్టాక్టన్ పట్టణంలో బడి పిల్లల మీద ఒకడు కలాష్నికోవ్ తరహా రైఫిల్‌తో కాల్పులు జరిపిన తర్వాత ఆ ఏడే రాబర్టీ-రూస్ చట్టం చేశారు. అదే ఏడాది కేంద్రం విదేశాల నుంచి అలాంటి రైఫిళ్ల దిగుమతిని ఆపింది. అందుకే ఇప్పుడు దొరికే కలాష్నికోవ్ నకళ్లలో చాలావాటికి విదేశీ విడిభాగాల నడుమ అమెరికాలో చేసిన భాగాలు కలిపి ఉంటాయి. చట్టం పేర్కొన్న భాగాల్లో విదేశీవి పదికి మించితే ఆ రైఫిల్ కూర్చడమే నేరం.

కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, కనెక్టికట్, మేరీలాండ్, మసాచుసెట్స్, డెలావేర్, ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రాల్లోనూ, రాజధాని వాషింగ్టన్ డీసీలోనూ ఏదో ఒక రూపంలో నిషేధం ఉంది. హవాయి నిషేధం పిస్తోలు రూపంలో ఉన్నవాటికే. రోడ్ ఐలండ్ 2025లో చట్టం చేసి, 2026 జూలై 1 నుంచి తయారీని, అమ్మకాన్ని ఆపేలా తేదీ పెట్టింది. కొలరాడో నిషేధం దాకా వెళ్లకుండా, 2026 ఆగస్టు నుంచి ఊడదీసే మ్యాగజైన్ ఉన్న అనేక సెమీ ఆటోమేటిక్ తుపాకులు కొనాలంటే ముందుగా అర్హత కార్డు, శిక్షణ ఉండాలంటూ మధ్యేమార్గం ఎంచుకుంది.

అయితే నిషేధమన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు విషయాలున్నాయని మీరు గమనించాలి. వాషింగ్టన్ రాష్ట్రం 2023 ఏప్రిల్ నుంచి అమ్మకాన్ని, తయారీని, రాష్ట్రంలోకి తేవడాన్ని ఆపిందే తప్ప అప్పటికే ఇంట్లో ఉన్నదాన్ని లాక్కోలేదు. కనెక్టికట్ 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో జరిగిన ఘోరం తర్వాత 2013లో చట్టాన్ని బిగించి, అప్పటికే ఉన్నవాటిని నమోదు చేయించుకున్నవారినే ఉంచుకోనిచ్చింది. ఇల్లినాయ్ 2023 జనవరిలో నిషేధం తెచ్చి, పాత యజమానులు 2024 జనవరి 1లోగా ప్రమాణపత్రం దాఖలు చేయాలన్నది. ఆ గడువులు దాటాయి కాబట్టి ఇప్పుడు కొత్తగా ఆ రాష్ట్రానికి చేరేవారికీ, అక్కడే ముందునుంచి ఉన్నవారికీ హక్కులు ఒకటి కావు. పరీక్షలో ఈ తేడా రాస్తే మార్కులు పడతాయి, జీవితంలో రాయకపోతే కేసు పడుతుంది.

రాష్ట్రాలు గీత గీసే పద్ధతులు కూడా రెండు. కొన్ని పేర్లు రాసి నిషేధిస్తాయి, కొన్ని లక్షణాలు లెక్కపెట్టి నిషేధిస్తాయి, చాలావరకు రెండూ చేస్తాయి. ఉదాహరణకు థామ్సన్ నకలు పేరు న్యూజెర్సీ జాబితాలో లేకపోయినా కనెక్టికట్, ఇల్లినాయ్ జాబితాల్లో ఉంది. లక్షణాల పద్ధతిలో లోహపు గొట్టం అదే, తూటా అదే, వేగం అదే అయినా చెక్క మడమ ఉన్న రైఫిల్ చెల్లి, పిస్తోలు పిడి ఉన్న దాని కవల చెల్లకపోవచ్చు. ఈ విమర్శలో పస ఉందనే నా అభిప్రాయం. కానీ సైనిక నకలు అన్నదే ఆ లక్షణాలన్నీ ఉన్నదున్నట్టు దించిన వస్తువు గనుక ఈ చట్టాల వలలో అన్నిటికంటే ముందు పడేది అదే.

పాతకాలపు మినహాయింపు గురించి చాలామంది పొరబడతారు. 1898లోనో అంతకుముందో తయారైన తుపాకీని ఫెడరల్ చట్టం పురాతన వస్తువుగా చూసి వదిలేస్తుంది. అలాంటివాటి నకళ్లను కూడా, నేటి మాదిరి తూటాలు వాడనివైతే వదిలేస్తుంది. మూతిలోంచి మందు దట్టించే తుపాకులకు పనికొచ్చే మినహాయింపు ఇది, ఇరవయ్యో శతాబ్దపు ఆయుధాల నకళ్లకు ఏమాత్రం తగలదు. యాభై ఏళ్లు దాటిన అసలు తుపాకులను కొనేందుకు సేకర్తలకు ఒక ప్రత్యేక లైసెన్సు ఉంది. కానీ నకలు నిన్నగాక మొన్న తయారైనది కాబట్టి, 1944 నాటి రూపంలో ఉన్నంత మాత్రాన దానికి ఆ వయసు రాదు.

కోర్టుల విషయం క్లుప్తంగా చెబుతాను. 2008లో హెలర్ కేసు, 2022లో బ్రూయెన్ కేసు ఆయుధం కలిగి ఉండే హక్కును బలపరిచాయి. వాటి ఆధారంగా ఈ నిషేధాల మీద చాలా దావాలు నడుస్తున్నాయి. మేరీలాండ్ నిషేధాన్ని అప్పీలు కోర్టు 2024 ఆగస్టులో సమర్థించగా, 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. న్యూజెర్సీలో ఏఆర్-15 మీది నిషేధం చెల్లదని 2024 జూలైలో ఒక ఫెడరల్ జడ్జి అన్నారు, దానిమీద అప్పీళ్లు వెళ్లాయి. కాబట్టి ఏ రాష్ట్రం గురించి రాసినా చట్టపుస్తకంతోపాటు ఆ రోజు వరకు వచ్చిన తీర్పులను కూడా చూసి రాయండి.

ప్రశ్న: మా అల్లుడుగారు డాలస్ నుంచి శాశ్వతంగా విశాఖ వచ్చేస్తున్నారు. తన సెమీ ఆటోమేటిక్ కలాష్నికోవ్ నకలును వెంట తెచ్చుకోవచ్చా? ఆంధ్రలో కుదరకపోతే వేరే రాష్ట్రంలో లైసెన్సు తీసుకోవచ్చని ఎవరో చెప్పారట.
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: తేకూడదమ్మా. ఆ చెప్పినవారి మాట నమ్మవద్దు. అమెరికాలో ఉన్న రాష్ట్రానికో తీరు మన దేశంలో లేదు. ఆయుధాలు, మందుగుండు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితాలోని ఐదో అంశం. కాబట్టి శ్రీకాకుళం దాటి ఒడిశాలో అడుగుపెట్టినా, హైదరాబాద్ వెళ్లినా 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలే ఉంటాయి. జిల్లాలో కలెక్టరు, పోలీసు కమిషనరేట్ ఉన్న విశాఖ వంటి నగరంలో కమిషనరు లైసెన్సు ఇస్తారు. కానీ వారి అధికారం నాన్ ప్రొహిబిటెడ్ బోర్, అంటే పౌరులకు నిషేధించని గొట్టపు కొలత ఉన్న తుపాకుల వరకే. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను ఆ నిబంధనలు ఒకటో కేటగిరీలో పెట్టాయి. 7.62 మిల్లీమీటర్లు, .303 వంటి సైనిక తూటా పట్టే రైఫిళ్లూ అక్కడే ఉన్నాయి. వాటిపై నిర్ణయం కేంద్ర హోంశాఖది, అదీ అరుదుగా ఇచ్చేది. మన ఆయుధ కర్మాగారాలు పౌరుల కోసం .315 రైఫిల్ చేయడానికి కారణం .303 వారికి అందనిది కావడమే.

విదేశం నుంచి నివాసం మార్చుకుని వచ్చేవారు తాము వాడిన ఒక తుపాకీని తెచ్చుకునే వెసులుబాటు ఉంది. అనుమతించిన బోర్‌ది కావాలి, ఇక్కడి లైసెన్సు ముందే ఉండాలి, సుంకం కట్టాలి. సెమీ ఆటోమేటిక్ కలాష్నికోవ్ నకలు మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది. చట్టం నిషిద్ధంగా పేర్కొన్న ఆయుధం అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే 2019 సవరణ ప్రకారం శిక్ష 7 నుంచి 14 ఏళ్లు. అదే సవరణ ఒక్కొక్కరికి ఉండదగిన లైసెన్సు తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది, తాతలనాటి తుపాకీ కూడా ఆ రెండింటిలోకే వస్తుంది. మీ అల్లుడుగారు దాన్ని డాలస్‌లోనే లైసెన్సున్న డీలరుకు అమ్మి, రసీదు జాగ్రత్త చేసుకుని విమానం ఎక్కాలి.

రెండో దారి అడుగుతారేమో. పనికిరాకుండా చేసేసి, గోడకు తగిలించుకోవడానికి తెస్తే? మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చడానికి వీలులేని, పాతబడిన లేదా పురావస్తు విలువ ఉన్న ఆయుధాలను చట్టం 45వ సెక్షను మినహాయిస్తుంది. అయితే ‘మరమ్మతు చేసినా’ అన్న షరతు చాలా కఠినమైనది. పేలే మూతిలో సీసం పోసినంత మాత్రాన అది తీరదు, కస్టమ్స్ అధికారి ఆ మాట వినడు కూడా.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఏకే-47 రూపంలో ప్లాస్టిక్ బంతులు పేల్చే గాలి తుపాకీ అమ్ముతున్నారు. మావాడు కొనమంటున్నాడు. కేసు అవుతుందా?
– ఒక తండ్రి, మల్కాపురం

జవాబు: గాలి తుపాకీ గొట్టపు రంధ్రం 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. ఎయిర్‌సాఫ్ట్ అనే ఆట తుపాకుల బంతులు సాధారణంగా 6 మిల్లీమీటర్లవి. శక్తి తక్కువే అయినా రంధ్రం కొలత దాటుతుంది కాబట్టి, అమ్మేవాడి ప్రకటనను నమ్మి కాక, పోలీసు కమిషనరేట్‌లో ఆయుధాల విభాగాన్ని అడిగి కొనండి. పసిపిల్లలు ఆడుకునే మెత్తటి బొమ్మ అయితే ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూస్తే చాలు. ఏదైనా సరే, బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి దగ్గర దాన్ని భుజాన వేసుకుని రీల్స్ తీయనివ్వకండి. దూరం నుంచి చూసే కానిస్టేబులుకు అది అసలుదో నకలుదో తెలియదు. నకలు తుపాకీని పేలేదిగా మార్చడం ఆయుధాల చట్టం ఆరో సెక్షను కింద లైసెన్సు కావలసిన పని, లేకుండా చేస్తే నేరం. మీవాడికి యూట్యూబ్‌లో అలాంటి వీడియోలు కనబడుతుంటే ఆ సంగతి కూడా చెప్పండి.

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడి సంచిలో తిరుగు ప్రయాణంలో ఒక తూటా దొరికింది. షూటింగ్ రేంజ్‌కు వెళ్లినప్పుడు జేబులో మిగిలిపోయిందట. విమానాశ్రయంలోనే పట్టుకున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: ఒక్క తూటా అయినా మందుగుండే, లైసెన్సు లేకుండా ఉంటే ఆయుధాల చట్టం కింద కేసు నమోదవుతుంది. అయితే తన దగ్గర అది ఉందన్న ఎరుక ఉంటేనే కలిగి ఉన్నట్టు అవుతుందని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. పొరపాటున మిగిలిపోయిన ఒకటి రెండు తూటాల కేసులను హైకోర్టులు దీని ఆధారంగా కొట్టివేసిన సందర్భాలున్నాయి. మీ తమ్ముడు రేంజ్‌కు వెళ్లిన తేదీ రసీదు, అక్కడ ఆయన ఏ వీసా మీద ఉన్నారో చూపే కాగితాలు వెంటనే తెప్పించి స్థానిక లాయరుకు ఇవ్వండి. ఆ వీసా హెచ్1బీ అయితే మాత్రం, మొదటి జవాబులో చెప్పిన కారణంగా, ఆ రసీదును ఇక్కడి కోర్టులో దాఖలు చేసేముందు అమెరికాలోని ఇమిగ్రేషన్ లాయరుకు కూడా ఒకసారి చూపించండి.